విశాఖలో ఇంటిపట్టునే వ్యాయామం, తిండి లెక్క: ఎక్కడ మొదలుపెట్టాలి?

సీతమ్మధార_38
ఆడమనిషి, వయసు 38, ఎత్తు 158 సెం.మీ., బరువు 78 కిలోలు, నడుము 96 సెం.మీ. షుగరు, బీపీ లేవు. గుడ్లు, చేపలు తింటాం, ఆదివారం కోడికూర. హాల్లో సోఫా జరిపితే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటొస్తుంది. రెండో అంతస్తు, కింద పెద్దవాళ్ళున్నారు కాబట్టి గెంతులు కుదరవు. బీచ్‌రోడ్డు నడక మూడు నెలలుగా ఉంది, బరువు మాత్రం కదల్లేదు. పొద్దున్న 40 నిమిషాలు దొరుకుతుంది. ఏం మార్చాలి? ఎంత తినాలో గ్రాముల్లో చెప్పగలిగితే మరీ మంచిది.

వంటింటి_లెక్క
నడకలో తప్పేమీ లేదండీ, దాని ఖర్చే తక్కువ. 75 కిలోల మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 200–250 కేలరీలు. తిరిగొస్తూ హోటల్లో మసాలా దోసె ఒక్కటి తింటే లెక్క అక్కడికక్కడే చెల్లిపోతుంది.

ముందు ఒంటి ఖర్చు ఎంతో చూద్దాం. ఆడవాళ్ళకి: బరువు × 10, ఎత్తు × 6.25, రెండూ కలిపి, అందులోంచి వయసు × 5 తీసేసి, ఇంకో 161 తీసెయ్యాలి. మీకు 780 + 987 − 190 − 161, అంటే దాదాపు 1416. ఇది కదలకుండా పడుకున్నా అయ్యే ఖర్చు. ఇంటిపని, కాస్త నడక ఉన్నవాళ్ళకి దీన్ని 1.375తో హెచ్చవేస్తే సుమారు 1950 వస్తుంది. రోజుకి 450 తగ్గించి 1500 దగ్గర ఉంటే వారానికి 400 గ్రాములు, ఒక్కోసారి అర కిలో దిగుతుంది. ఒంట్లో కిలో కొవ్వంటే దాదాపు 7700 కేలరీలు. అందుకే వారంలో మూడు కిలోలు తగ్గిస్తామనేవాళ్ళ మాట నమ్మకండి, అందులో ఎక్కువ భాగం నీళ్ళే. (మగవాళ్ళయితే చివర 161 తీసేసే బదులు 5 కలుపుకోవాలి.)

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో నెలకి నూనె ప్యాకెట్లు ఎన్నవుతున్నాయి? ఎంతమందికి? అది చెప్పండి, మిగతాది ఆ తర్వాత చెబుతాను.

సీతమ్మధార_38
నలుగురం. నెలకి అయిదు ప్యాకెట్లు. పండగ నెలల్లో ఆరు.

వంటింటి_లెక్క
లీటరు ప్యాకెట్లో ఉండేది 910 గ్రాములు. అయిదు ప్యాకెట్లు నలుగురికి, 30 రోజులకి పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు. గ్రాముకి 9 చొప్పున 340 కేలరీలు. మీ రోజు మొత్తం 1500 అనుకుంటే అందులో దగ్గర దగ్గర నాలుగోవంతు నూనెకే పోతోంది. దాంతో కడుపూ నిండదు, మాంసకృత్తులూ రావు. మూడు ప్యాకెట్లకి దించితే మనిషికి 23 గ్రాములు, 205 కేలరీలు. కంచంలో ఒక్క మెతుకు తగ్గించకుండా రోజుకి 135 కేలరీలు కలిసొచ్చాయి.

చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే చేత్తో పోసే నూనె కంటికి ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. నెల మొదట్లో మూడు ప్యాకెట్లు విడిగా పెట్టి, వాటి మీద 1 నుంచి 10 తేదీలు, 11 నుంచి 20, 21 నుంచి నెలాఖరు అని రాసేయండి. క్యాన్లోంచి నేరుగా మూకుట్లోకి వంపడం మానెయ్యండి. నలుగురికి చేసే కూరలో 5 మి.లీ. చెంచాతో నాలుగు చెంచాలు చాలు. వంకాయ, బెండకాయ నూనె తాగేస్తాయి. ముక్కలకి ఉప్పు రాసి పది నిమిషాలుంచి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిచ్చి, చివర్లో మూత తీసి వేయించండి. అడుగంటుతుంటే నూనె కాదు, రెండు చెంచాల నీళ్ళు చిలకరించండి. వేపిన నూనెని మళ్ళీ కూరల్లో కలిపే అలవాటుంటే దాన్నీ ఈ లెక్కలోనే వెయ్యాలి.

చోడి_అంబలి
అన్నం పూర్తిగా మానేసి పొద్దున్నా రాత్రీ చోడి (రాగి) అంబలి తాగితే నూనె బెడదే ఉండదు కదండీ. మన ఉత్తరాంధ్రలో పాతవాళ్ళంతా చోళ్ళూ సామలే తిన్నారు. బియ్యం వల్లే ఇన్ని తిప్పలు.

వంటింటి_లెక్క
చోళ్ళు మంచివే, కాదనను. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పీచూ ఎక్కువే. కాని కేలరీల్లో బియ్యానికీ దీనికీ పెద్ద తేడా లేదు: 100 గ్రాముల బియ్యం 350, చోడిపిండి 320–330. అంబలితో తగ్గేవాళ్ళు తగ్గడానికి కారణం పిండి తక్కువగా పడటమే. గ్లాసు అంబలికి 40 గ్రాముల పిండి సరిపోతుంది, మిగతాదంతా నీళ్ళు, మజ్జిగ. అదే పిండితో ముద్ద వండి రెండు తింటే అన్నం తిన్నట్టే. రెండు పూటలా అంబలే అయితే మాంసకృత్తులు ఎక్కడినుంచొస్తాయి? 40 గ్రాముల చోడిపిండిలో 3 గ్రాములే. రెండు వారాలు గడిచేసరికి నీరసం, సాయంత్రం ఆకలి, పునుగుల బండి. పొద్దున్న ఒక్క పూట అంబలి, పక్కన రెండు ఉడికించిన గుడ్లు. అలాగైతే నేనూ ఒప్పుకుంటాను.

చోడి_అంబలి
ముద్ద, అంబలి తేడా నేను ఆలోచించలేదు. సరే. గుడ్లు తినని వాళ్ళకి?

వంటింటి_లెక్క
మీల్‌మేకర్. ఎండువి 50 గ్రాములు నానబెడితే పెద్ద గిన్నెడవుతాయి, 170 కేలరీలకి 26 గ్రాముల మాంసకృత్తులు. మరుగుతున్న నీళ్ళలో వేసి అయిదు నిమిషాలాగి, వార్చి, చల్లటి నీళ్ళలో రెండుసార్లు పిండితే ఆ పచ్చివాసన పోతుంది. పిండకుండా వేస్తే కూరంతా అదే వాసన. పెసలు, సెనగల గుగ్గిళ్ళు, గట్టి పెరుగు ఎలాగూ ఉన్నాయి. పప్పుచారుని మాత్రం పప్పుగా లెక్కెయ్యకండి, గరిటెడు చారులో పప్పు చెంచాడు కూడా ఉండదు.

సీతమ్మధార గారికి ఒక రోజు నమూనా. తూకాలన్నీ వండకముందువి, ఎందుకంటే 100 గ్రాముల బియ్యం ఉడికాక 250 కావచ్చు, 300 కావచ్చు, అది పోసిన నీళ్ళని బట్టి.

పొద్దున్న 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చెంచాల నూనె. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో తోటకూర పప్పో దోసకాయ పప్పో, ఒక చెంచా నూనెతో చేసిన 200 గ్రాముల కూర, 150 గ్రాముల పెరుగు. సాయంత్రం రెండు గుడ్లు. రాత్రి 60 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, శుభ్రం చేసిన కనగర్త చేపలు 150 గ్రాములు పులుసు పెట్టి, మీ వాటాకి రెండు చెంచాల నూనె. మొత్తం 1500 కేలరీల దరిదాపు, మాంసకృత్తులు 80 గ్రాములు. మీరు చేరాలనుకునే బరువు 62 కిలోలైతే కిలోకి 1.2 నుంచి 1.4 గ్రాములు ఉండాలి, అంటే 75–85. సరిపోయింది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఈ అంకె వాడొద్దు, వాళ్ళ డాక్టరు చెప్పిందే.

హార్బర్_చేపలబజారు
చేపల సంగతి నేను చెబుతాను. కనగర్తలు, కవళ్ళు చవక, ఒమేగా కొవ్వులూ వాటిలోనే ఎక్కువ. తగ్గడానికి వంజరమే కొనాలన్న పట్టింపు అక్కర్లేదు. తల, పేగులు తీశాక కిలోకి 600 గ్రాములు, కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. నలుగురికి 150 చొప్పున కావాలంటే కిలో కొనాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం, అప్పుడు సముద్రపు చేప తక్కువ. శీలావతి, బొచ్చె తీసుకోండి.

వేపుడు కావాలంటే పెనం బాగా కాగాక ముక్కకి అరచెంచా నూనె రాసి వెయ్యండి. చల్లటి పెనం మీద వేస్తే అంటుకుంటుంది, అప్పుడు కంగారుపడి నూనె పోస్తాం. ముక్క దానంతటది పెనం వదిలేదాకా తిప్పకండి, మూడు నాలుగు నిమిషాలు. అరకు వైపు బొంగులో చికెన్ నూనె లేకుండా ఎలా ఉడుకుతుందో చూశారుగా, ఆవిరి బయటికి పోకపోతే చాలు.

మద్దిలపాలెం_ఫిజియో
తిండి విషయం బాగా తేల్చారు. నేను కండల సంగతికి వస్తాను. తిండి తగ్గించి నడక మాత్రమే చేస్తే తగ్గే బరువులో కండ కూడా పోతుంది. బరువు దిగుతుంది, కాని మెట్లెక్కితే తొడలు వణుకుతాయి. అందుకే వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర అనుకోండి, కండకి పని చెప్పాలి. మిగతా రోజులు మీ బీచ్‌రోడ్డు నడక అలాగే ఉండనివ్వండి.

సామాను: గట్టి వీపుసంచి, లీటరు నీళ్ళ సీసాలు, చేతుల్లేని గట్టి కుర్చీ. సీసా అంటే కిలో, తూకం మీద అనుమానమే అక్కర్లేదు. సంచిలో ముందు దుప్పటి మడిచి అడుగున వేసి, సీసాలు పైభాగంలో బిగించండి. బరువు కిందికి జారితే నడుముని వెనక్కి లాగుతుంది, నొప్పి అక్కడినుంచే మొదలు. చాలామంది ఇరవై లీటర్ల వాటర్ టిన్ను సగం నింపి ఎత్తుతారు, అది వద్దు. లోపల నీళ్ళు ఊగి నడుము పక్కకి పట్టేస్తుంది. నిండు టిన్ను ఎత్తగలిగే రోజు వచ్చాకే దాని జోలికెళ్ళండి.

మొదట గుంజీళ్ళు, కుర్చీ మీదికి. పాదాలు భుజాలంత ఎడం, వేళ్ళు కాస్త బయటికి. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి, కుర్చీకి పిర్ర తగలగానే లేవండి, కూలబడకూడదు. మోకాళ్ళు కాలివేళ్ళు చూసిన వైపే చూడాలి. లోపలికి వాలుతున్నాయంటే బరువు ఎక్కువైంది, లేదా పిరుదులు అలిసిపోయాయి. మడమలు లేస్తుంటే మీ చీలమండ బిగుసుగా ఉందన్నమాట, రెండు సెంటీమీటర్ల చెక్క మడమల కింద పెట్టండి. పదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో నిమిషంన్నర విరామం.

తర్వాత వంటగట్టు మీద చేతులానించి దండీలు. నేల మీద ఇప్పుడే వద్దు. తల నుంచి మడమ దాకా ఒకే గీత, మోచేతులు ఒంటికి 45 డిగ్రీలు. గట్టు తడిగా ఉంటే చెయ్యి జారుతుంది, తుడిచి మొదలుపెట్టండి. పన్నెండేసి మూడుసార్లు అవలీలగా వచ్చాక కుర్చీ ఎత్తుకి, తర్వాత మెట్టుకి, ఆఖర్న నేలకి దిగాలి. కుర్చీని గోడకి ఆనించి పెట్టండి.

మూడోది సంచిని వంగి లాగడం. ఒక చెయ్యి కుర్చీ మీద, రెండో చేత్తో సంచి పట్టుకుని మోచేతిని జేబు వైపు లాగాలి, చంక వైపు కాదు. ఇంట్లో చేసేవాళ్ళు ఎక్కువమంది వదిలేసేది ఇదే. వదిలేస్తే ఛాతీ బిగిసి భుజాలు ముందుకి వాలతాయి.

నాలుగోది సంచి రెండు చేతులతో తొడలకి ఆనించి పట్టుకుని, మోకాళ్ళు కొంచెమే వంచి, పిర్రని వెనక గోడకి తాకించబోతున్నట్టు వెనక్కి నెట్టి వంగడం. వీపు గుండ్రమైతే ఆపెయ్యండి. గోడకి జానెడు దూరంలో నిలబడి నేర్చుకుంటే త్వరగా వస్తుంది. చివర ప్లాంక్, అంటే మోచేతులూ కాలివేళ్ళ మీద ఒంటిని ఒకే గీతలో కదలకుండా నిలపడం, 20 సెకన్లతో మొదలు.

లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా పైకెళ్తుంది.

ప్రతి విడత చివర ఇంకో రెండు చెయ్యగలను అనిపించే చోట ఆపండి. ఇంకో ఆరు వస్తాయనిపిస్తే సంచిలో సీసా పెంచండి. మొత్తం ఇంతేనండీ: బరువు పెరగాలి, లేదా లెక్క పెరగాలి, లేదా దిగే వేగం తగ్గాలి. నోటుపుస్తకంలో రాయకపోతే ఈ మూడింటిలో ఏదీ జరగదు, మూడు నెలలూ అదే సంచి, అదే పది.

సీతమ్మధార_38
గుంజీళ్ళు తీస్తే కుడి మోకాలు చిప్ప కింద సన్నగా లాగుతుంది. మానెయ్యాలా?

మద్దిలపాలెం_ఫిజియో
పదికి మూడు లోపు నొప్పి, మర్నాడు పొద్దుటికి పోతుంటే కొనసాగించవచ్చు. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, రెండు వారాలకోసారి తగ్గించుకుంటూ రండి. వాపు, మోకాలు బిగుసుకుపోవడం, ఉన్నట్టుండి పట్టు తప్పడం ఉంటే ఆపి చూపించుకోవాలి. మెట్లు ఎక్కడం కంటే దిగడమే మోకాలికి బరువు. అపార్ట్‌మెంట్లో ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు. సింహాచలం మెట్లదారికీ ఇదే మాట, దిగేటప్పుడు బస్సెక్కండి.

ఛాతీలో పట్టినట్టుండటం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వ్యాయామం మాట మరిచి ఆస్పత్రికి వెళ్ళాలి. ఇది అందరికీ.

గాజువాక_సి_షిఫ్ట్
ఫ్యాక్టరీలో రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా షిఫ్ట్ పడే వారాల్లో ఈ టైములేవీ కుదరవు. దానికేదైనా పద్ధతి ఉందా? షుగరుకి గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళు కూడా మాలో ఉన్నారు.

వంటింటి_లెక్క
పెద్ద భోజనం డ్యూటీకి ముందు, 9 గంటలకి. రాత్రి 2 గంటలకి పిడికెడు గుగ్గిళ్ళు, రెండు గుడ్లు, మజ్జిగ. ఆ వేళలో పులిహోర, బజ్జీ తింటే నిద్ర తూగు, గుండెల్లో మంట. డ్యూటీ దిగాక 250–300 కేలరీల టిఫిను, మూడు ఇడ్లీలు సాంబారుతో చాలు, తర్వాత కిటికీకి నల్లగుడ్డ కట్టి నిద్ర. వ్యాయామం నిద్ర లేచాక, సాయంత్రం 4కి. రాత్రంతా మెలకువగా ఉండి వెంటనే బరువులెత్తితే అడుగు తడబడుతుంది. క్యాంటీను టీలు లెక్కపెట్టండి: రెండు చెంచాల చక్కెరంటే 40 కేలరీలు, అయిదు టీలకి 200, పాలు కాకుండానే.

గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం తగ్గించే ముందే డాక్టరుకి చెప్పి తీరాలి. తిండి తగ్గి, వ్యాయామం పెరిగి, మందు మాత్రం పాత మోతాదులోనే ఉంటే చక్కెర పడిపోతుంది. చేతులు వణకడం, చల్లటి చెమట, గుండెదడ, మాట తడబడటం. మన ఊరి ఉక్కపోతలో దీన్ని మామూలు చెమట అనుకుని ఊరుకుంటారు, అదే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. రక్తంలో చక్కెర 70 (mg/dL) దాటకపోతే ఇంకోసారి అంతే.

మేడమీద_చాప
ఉక్కపోత మాటొచ్చింది కాబట్టి. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారుతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. దానివల్ల గుండె వేగం పెరిగి పదో నిమిషానికే అలుపొస్తుంది, అది మీ చేతకానితనం కాదు. ఏప్రిల్, మే, జూన్‌లలో పొద్దున్న ఆరున్నర లోపు ముగించండి, ఫ్యాను నేరుగా ఒంటికి తగలాలి, పక్కన పొడి తువ్వాలు ఉండాలి. ముందూ వెనకా తూకం చూసుకుంటే అరకిలో తగ్గిందనుకోండి, అది కొవ్వు కాదు, అరలీటరు నీళ్ళు. తర్వాతి రెండు గంటల్లో ముప్పావు లీటరు తాగాలి, ఉప్పేసిన మజ్జిగైతే మరీ మంచిది. పొట్టకి చుట్టుకునే చెమట బెల్టులు కూడా ఈ అరలీటరునే చూపించి అమ్ముతారు. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం ఏదీ లేదండీ, ఒళ్ళంతా తగ్గుతుంటే అదీ తగ్గుతుంది.

ఇనుప డంబెల్స్ కొనేవాళ్ళకి: ఈ ఊళ్ళో రెండు వానాకాలాలకి తుప్పు రేగి చేతికి అంటుతుంది. రబ్బరు తొడుగున్నవి తీసుకోండి, లేదా వాడాక పొడిగుడ్డతో తుడిచి వారానికోసారి పలచగా కొబ్బరినూనె రాయండి, పట్టుకునే చోట మాత్రం వద్దు. లాగే రబ్బరు పట్టీలు మేడమీద ఎండలో వదిలేస్తే పగుళ్ళిచ్చి లాగేటప్పుడు తెగి మొహానికి కొడతాయి. ప్రతిసారీ సాగదీసి చూసి, సన్నపగులు కనిపిస్తే పారెయ్యండి.

తగరపువలస_నడక
ఆషాఢ పౌర్ణమి సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడవాలనుకునేవాళ్ళకి ఇదే సాధన సరిపోతుందా?

మద్దిలపాలెం_ఫిజియో
తొడలకి సరిపోతుంది, పాదాలకి చాలదు. ఎనిమిది వారాల ముందునుంచి వారానికొక్క దూరపు నడక: 8 కిలోమీటర్లు, 10, 12, 15, 18, 20. ఆఖరి రెండు వారాలు తగ్గించెయ్యాలి. వట్టికాళ్ళతో నడిచే మొక్కుంటే చివరి నెల రోజూ పావుగంటైనా చెప్పుల్లేకుండా నడవండి. షుగరువల్ల పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు వట్టికాళ్ళతో వద్దు, దయచేసి.

సీతమ్మధార_38
నూనె ప్యాకెట్ల మీద తేదీలు రాసేశాను. ఒక అనుమానం మిగిలింది. ఆదివారం బిర్యానీ తింటే సోమవారం కిలోన్నర పెరిగి కనబడుతుంది. వారమంతా పడ్డ పాటు పోయినట్టేనా?

వంటింటి_లెక్క
పోలేదు. కిలోన్నర కొవ్వు పెరగాలంటే 11,000 కేలరీలకి పైగా మిగలాలి, ఒక్క పూటలో అది తినడం ఎవరివల్లా కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నంలోని పిండిపదార్థం కండల్లో నిలవయ్యేటప్పుడు గ్రాముకి మూడు గ్రాముల నీటిని తోడు తెచ్చుకుంటుంది. బుధ, గురువారాలకి దిగిపోతుంది. నెలసరికి ముందు కూడా ఇలాగే కిలో దాకా ఊగుతుంది. కాబట్టి రోజూ పొద్దున్నే, బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు చూసి రాసుకుని, ఏడు రోజుల సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి. నడుముని నెలకి రెండుసార్లు, ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమి చోట, ఊపిరి వదిలాక కొలవండి. మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెం.మీ. దాటకూడదంటారు.

మూడు వారాలపాటు సగటు కదలకపోతే అప్పుడు తిండి తగ్గించే ముందు నూనె ప్యాకెట్లు చూడండి, నాలుగోది తెరిచి ఉంటుంది. అది కాదనుకుంటే లెక్క మళ్ళీ వెయ్యాలి. 73 కిలోలకి దిగాక మీ రోజు ఖర్చే 70 కేలరీలు తగ్గిపోతుంది.

మేడమీద_చాప
బరువు యంత్రం చాప మీదో కార్పెట్ మీదో పెట్టొద్దు, తప్పు చూపిస్తుంది. గచ్చు మీద, రోజూ అదే పలక మీద పెట్టండి.